పిపిన్ వెనకగదిలో చప్పుడు

మా ఊరి పబ్బు నడిపే గ్లెనిస్ మంచి మనిషే గాని, చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు ముందు తినడానికి ఏదో ఒకటి పెడుతుంది. ఆ గురువారం నేను పిపిన్ పబ్బులో కాలుపెట్టీ పెట్టగానే, అడక్కుండానే నా ముందు పందిమాంసం కూరిన పోర్క్ పై ముక్క ఒకటి, పక్కన వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు పెట్టింది. అప్పుడే నా గుండెలో రాయి పడింది.

"ఏవైంది గ్లెనిస్? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదులే. ముందు తిను."

"తిననుగాక తినను. సంగతి చెప్పు."

"పక్కింట్లో దిగిన హేలీ లేదూ? పొద్దున వచ్చింది ఆ పిల్ల. చంటిదాన్ని ఏడింటికి పడుకోబెడుతుందట. ప్రతి గురువారం మీ తుపాకీ మోతకి ఉలిక్కిపడి లేస్తోందట. ఇక తెల్లార్లూ జాగారమేనట."

"కౌన్సిల్‌కి ఫిర్యాదు రాస్తానందా?"

"అన్లేదు. ఏడ్చింది. అదే వచ్చింది చిక్కు. రాస్తానంటే నేనూ నడుం బిగించి పోట్లాడేదాన్ని. ఏడిస్తే ఏం చేస్తాం?" గ్లెనిస్ గ్లాసు తుడుస్తూ నా మొహం చూడకుండా చెప్పింది. "క్రిస్మస్ లోపల ఆ తుపాకీ నోరు మూయించు క్లైవ్. లేదంటే వెనకగదిలో బల్లలేసి ఆదివారం భోజనాలు పెట్టేస్తాను. ఎప్పట్నుంచో అడుగుతున్నారు జనం."

పోర్క్ పై తినేశాను. కోపం వస్తే నాకు ఆకలెక్కువ.

ఆ వెనకగది సంగతి చెప్పాలి. హెరిఫర్డ్‌షైర్‌లో మా వైపు చలికాలం వస్తే ఆపిల్ తోటల్లో పని ఉండదు, బయట వాన తప్ప ఏమీ ఉండదు. ఊరికో పబ్బు, పబ్బుకో వెనకగది, గదిలో ఆ చివర ఒక ఇనుప పలక. పలక మధ్యలో చిటికెనవేలు కూడా దూరని రంధ్రం, దాని వెనక గంట. ఈ చివర నిలబడి ఎయిర్‌గన్ పేల్చాలి. గుండు రంధ్రంలోంచి దూరితే గంట మోగుతుంది. దూరకపోతే పలకమీద మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఎంత దూరంలో పడిందో చూసి మా జట్టు లెక్కలు రాసే డోరీన్ మార్కు చెబుతుంది. చెప్పి, కుంచెతో దానిమీద తెల్లరంగు పూసి, తరువాతి మనిషిని రమ్మంటుంది. మావాళ్ళది ఇంకో అలవాటుంది. గంట మోగగానే అందరం ఎడమకాలితో నేలమీద ఒక్క తొక్కు తొక్కుతాం. తాతలనాటి గంటకి గొంతు పీలగా ఉండేదట. ముందుగదిలో తాగేవాళ్ళకి వినపడేది కాదట. వాళ్ళకి తెలియడం కోసం మొదలైన తొక్కుడు అది. ఆ తరువాత మంచి గంటే తెచ్చారు గాని కాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక ఆట అయ్యాక ఆపిల్ సైడర్, ఫ్యాగట్లనే వేడివేడి మాంసపుండలు, ఉడకబెట్టిన బఠాణీ, ఓడినవాళ్ళమీద గెలిచినవాళ్ళ ఎత్తిపొడుపులు.

తోటపనిలోంచి రిటైరైన నాకు గురువారం ఒక్కటే వారం. మిగిలిన ఆరు రోజులూ గురువారం వచ్చేదాకా కూర్చునే కుర్చీలు. ఆ గదిలో ఎవరో ఒకరు కత్తీ ఫోర్కూ పట్టుకుని మాడిన మాంసం కోసుకుంటూ ఉంటారన్న ఊహకే నాకు ఒళ్ళు మండిపోయింది. అలాగని పసిపిల్లమీద కోప్పడలేం కదా. మునుపు ఆ పక్కింట్లో ఉన్న ముసలాయనకి చెవిదగ్గర పిడుగుపడ్డా వినపడేది కాదు. అలాంటి పొరుగు మళ్ళీ మళ్ళీ దొరకదు.

తెల్లారగానే జట్టు తుపాకీ తీసుకుని నేరుగా మెర్విన్ షెడ్డుకి వెళ్ళాను. మెర్విన్ ట్రాక్టర్లు బాగుచేసి బాగుచేసి మానేసినవాడు. మా జట్టులో నా తరువాత గొప్ప షూటర్. వాడి లెక్కలో నేను వాడి తరువాత. ఏదైనా వస్తువు చెడిందంటే వాడికి పండగ.

"చెడలేదురా. చప్పుడెక్కువైంది," అన్నాను.

"దానికి మూడు నోళ్ళుంటాయిరా క్లైవూ," అన్నాడు తుపాకీని బల్లమీద పడుకోబెట్టి, పొట్ట నిమురుతూ. "గొట్టం కొస ఒకటి. కడుపులో స్ప్రింగొకటి. గుండు పోయి తగిలే పలకొకటి. మూడూ మూయాలి. నువ్వొక నాలుగోది ఉన్నావు గాని, అది నావల్ల కాదు."

"నీ వాగుడు మూసే గొట్టం ఉంటే ముందు అది కొనేవాణ్ణి."

వాడు స్ప్రింగు బయటికి తీశాడు. అది లోపల వదులుగా ఉండి, పేల్చిన ప్రతిసారీ జివ్వుమని వణుకుతోందట. దాని లోపల బిగుతుగా సరిపోయే కడ్డీ ఒకటి దూర్చి, నల్లటి చిక్కటి గ్రీజు పట్టించాడు. కొసకి హెరిఫర్డ్ దుకాణంలో కొన్న సైలెన్సర్ గొట్టం బిగించాడు. పబ్బుల లీగ్ రూల్సులో గొట్టం కూడదని ఎక్కడా లేదని డోరీన్ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివి చెప్పింది. పలకకీ దాన్ని పట్టుకున్న దూలానికీ మధ్య పాత టైరు రబ్బరు కోసి దూర్చాం.

మరునాడు పరీక్ష. గదిలో నేనొక్కణ్ణే నిలబడి పేల్చాను. మెర్విన్ బయట సందులో హేలీ ఇంటి గోడకి చెవి ఆనించి విన్నాడు. ఆ సమయానికే పాస్టరుగారి భార్య కుక్కతో అటు వచ్చింది. పరాయి ఆడపిల్ల ఇంటి గోడకి చెవి పెట్టుకున్న ముసలాణ్ణి చూసి, కుక్కని దగ్గరికి లాక్కుని, "గుడ్ మార్నింగ్ మెర్విన్" అని ఒక్కో అక్షరం కొరికి కొరికి పలికిందట.

"ఏమన్నా వినపడిందా?" అని అడిగాను వాడు లోపలికి రాగానే.

"ఏం లేదు. ఎలక తుమ్మినట్టు కూడా లేదు. నా పరువు పోయిన చప్పుడొకటే వినపడింది."

ఇద్దరం గర్వంగా చెరో గ్లాసు తాగాం.

ఆ తరువాతి గురువారం గురించి ఏం చెప్పను! తుపాకీ మునుపటి తుపాకీయే కాదు. వణుకు పోయింది, ఎగిరిపడటం పోయింది, చేతిలో వెన్నముద్దలా కుదిరింది. ఎవడు పట్టుకున్నా గంటే. జన్మలో పలక అంచు తప్ప ఇంకేదీ తగలని మా పోస్ట్‌మాన్ కూడా వరసగా గంట కొట్టి, తనే భయపడి కూర్చుండిపోయాడు. డోరీన్‌కి కుంచె ముంచే పని లేకుండా పోయింది. ఇంటికి ఈలేసుకుంటూ వెళ్ళాను. మా ఆవిడ బెరిల్ నా వాలకం చూసి, గెలిచారా లేక తాగారా అని అడిగింది. రెండూ అన్నాను.

తెల్లారి కొట్లో బ్రెడ్డు కొంటుంటే హేలీ ఎదురైంది. తోపుడుబండిలో పాప, హేలీ కళ్ళకింద గుంటలు. మీసం దువ్వుకుని, మెచ్చుకోలు అందుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"రాత్రి హాయిగా పడుకుందా అమ్మా పాప?"

"క్లైవ్ గారూ, ఏమీ అనుకోకండి," అంది ఆ పిల్ల. "రాత్రి ఇంకా ఎక్కువైంది. మునుపెప్పుడూ అంత మోత లేదు. మార్నీ ఎన్నిసార్లు లేచిందో నాకే తెలీదు."

బ్రెడ్డు కొట్లోనే మరచిపోయి ఇంటికొచ్చాను.

ఆ తరువాత మేం చేసిన పనులు తలుచుకుంటే నవ్వొస్తుంది. చర్చి హాలులో తీసేసిన తివాచీ తెచ్చి గోడకి కొట్టాం. ఎవరిదో పరుపు తెచ్చి పలక వెనక నిలబెట్టాం. మెర్విన్ తుపాకీని మళ్ళీ విప్పి, మళ్ళీ గ్రీజు పెట్టి, ట్రిగ్గరు కూడా సవరించాడు. అది ఇంకా మెత్తబడింది, ఇంకా సూటిగా కొట్టింది, ఇంకా గంటలు మోగాయి. గది చూస్తే పెళ్ళాంతో పోట్లాడి బయటికొచ్చినవాడి కాపురంలా తయారైంది. ఆ మరునాడు హేలీ ఏమీ అనకుండా తల మాత్రం అడ్డంగా ఊపింది.

"ఆ పిల్లకి చెవిలో జబ్బన్నా ఉండాలి, లేదా మనల్ని వెళ్ళగొట్టాలన్న పట్టన్నా ఉండాలి," అన్నాడు మెర్విన్. "ఊళ్ళోకి వచ్చేవాళ్ళంతా ఇంతే. ముందు కోడి కూయొద్దంటారు, తరువాత చర్చి గంట వద్దంటారు."

"అలా మాట్లాడకు. ఆ పిల్ల మొహం చూశావా?"

"చూశాను. నా తుపాకీ కూడా చూశాను. అంతకంటే చప్పుడు చేయకుండా పేలాలంటే పేల్చకుండా ఉండాలి!"

నేనూ అరిచాను. వాడూ అరిచాడు. గ్లెనిస్ తలుపు తీసి ఇద్దరినీ ఒక చూపు చూసి, చేతిలో ఉన్న టేపుతో గది వెడల్పు కొలిచి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి బెరిల్ దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ స్వెటరు అల్లుతూ అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"మీరు పేలుస్తున్నప్పుడు ఆ అమ్మాయి గదిలో కూర్చుని ఎవరైనా విన్నారా?"

"మెర్విన్ గోడకి..."

"గోడ బయట కాదు. గురువారం సాయంత్రం, అందరూ ఆడుతుండగా, ఆ పాప పడుకునే గదిలో."

వినడానికి వెళ్ళాలంటే ఒకడు గురువారం ఆట మానుకోవాలి. మా జట్టులో అలాంటివాడు పుట్టలేదు. కాలికి కట్టుతో వచ్చి ఆడినవాళ్ళున్నారు, సొంత కూతురి పెళ్ళి బుధవారానికి మార్పించినవాడున్నాడు. అందరం గోడకి ఇటువైపే నిలబడి, అటువైపు ఎలా వినపడుతోందో మాలో మేమే తీర్మానించుకుంటున్నాం.

"వెళ్ళండి. ఒక్క వారం మీరు లేకపోతే గంట అలిగి కూర్చోదు," అంది బెరిల్.

వెళ్ళాను. ఆ గురువారం పిపిన్ గుమ్మం దాటి పక్క గుమ్మం ముందు ఆగడానికి నా కాళ్ళు ఒప్పుకోలేదు, ఎద్దులా లాక్కెళ్ళాల్సి వచ్చింది. లోపల మెర్విన్ నవ్వు వినపడుతుంటే, మనసు మారేలోపలే తలుపు తట్టాను.

హేలీ టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, వెనకవైపు గదిలో కుర్చీ వేసింది. చిన్న దీపం. ఊచల మంచంలో మార్నీ వెల్లకిలా పడుకుని ఉంది, రెండు చేతులూ తలకి అటూ ఇటూ పెట్టుకుని, లొంగిపోయిన సైనికుడిలా. అంత చిన్న ముక్కులోంచి అంత గురక ఎలా వస్తుందో! ఆ రెండు ఇళ్ళూ ఒకప్పుడు ఒకటే ఇల్లు, మధ్యలో తరువాత గోడ లేపారు. మా గది ఆ గోడకి అవతలే.

ఆట మొదలయ్యే వేళైంది. చెవులు రిక్కించాను. తుపాకీ వినపడలేదు. నిజం చెబుతున్నాను, గ్రీజు పెట్టిన మెర్విన్ చేతులకి మొక్కాలనిపించింది. మరి కాసేపటికి ఎక్కడో దూరంగా, గ్లాసుకి చెంచా తగిలినట్టు, టింగుమని ఒక చిన్న చప్పుడు. గంట! పాప కదల్లేదు. నా మొహం విప్పారింది. ఏదో అనబోయాను.

ధభ్.

నేలలోంచి వచ్చింది. కుర్చీ కాళ్ళలోంచి నా వెన్నుదాకా పాకింది. కప్పులో టీ వణికింది. మంచం ఊచలు గిలక్కాయలా గలగలలాడాయి. మార్నీ చేతులు రెండూ గాల్లోకి లేచాయి, కళ్ళు తెరుచుకున్నాయి, పెదవి వంకర తిరిగింది.

"అదిగో!" అంది హేలీ గుసగుసగా. "అదేనండీ మీ తుపాకీ!"

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, మేం ఊరంతా వెతకడమే కాదు, పిల్ల చెవుల్లో గ్రీజు కూడా పెట్టొచ్చాం. ఆ నేల పలకలకింద దూలాలు గోడతో ఆగవు, రెండు ఇళ్ళకిందా ఒకటే పొడవున ఉన్నాయి. మేం అక్కడ తొక్కితే ఇక్కడ మంచం ఊగుతుంది. తుపాకీ మెత్తబడినకొద్దీ గంటలు పెరిగాయి. గంటలు పెరిగినకొద్దీ తొక్కుళ్ళు పెరిగాయి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అంతలోనే నవ్వు ముంచుకొచ్చింది. పాపని భయపెట్టకూడదని నోటికి టోపీ అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"అమ్మా, అది తుపాకీ కాదు. మా కాళ్ళు."

అంతా చెప్పాను. గంట సంగతి, పాత గంట పీలగొంతు సంగతి, ఎడమకాలి సంగతి. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది.

"అయితే ఈ చప్పుడొచ్చినప్పుడల్లా అక్కడ ఎవరో సరిగ్గా కొట్టినట్టా?"

"కొట్టినట్టే."

"అయితే పోయిన వారం మీరు ఊరేగింపే చేసుండాలి!"

ఆ అమ్మాయి నవ్వడం చూడటం నాకు అదే మొదలు. ఇంతలో మళ్ళీ ధభ్‌మంది. ఈసారి పాప రాగం అందుకుంది. పాలసీసా తెస్తానని హేలీ దాన్ని నా చేతుల్లో పెట్టి వెళ్ళింది. నా మీసం పట్టుకుని లాగింది ఆ పిడుగు. ఆట మానుకున్న గురువారం ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

ఆట అయ్యాక పిపిన్‌లోకి వెళ్ళి సంగతి చెప్పాను. ముందు ఎవరూ నమ్మలేదు. గ్లెనిస్ మాత్రం నేలని కాలితో ఒకసారి తట్టి చూసి, "దేవుడా!" అని నెత్తి కొట్టుకుంది.

"తొక్కుడు మానేస్తే ఇక గంట కొట్టడమెందుకు?" అన్నాడు పోస్ట్‌మాన్. పాపం, వాడు గంట కొట్టడం మొదలుపెట్టి రెండు వారాలే.

"నా తుపాకీ గొంతు నొక్కినప్పుడు ఎవరికీ బాధ లేదు," అన్నాడు మెర్విన్. "ఇప్పుడు తమ కాలిదాకా వచ్చేసరికి!"

"నీ కాలూ ఉందిరా అందులో. అందరికంటే బరువైంది," అన్నాను.

చివరికి తీర్పు డోరీన్ చెప్పింది. బూట్లు గుమ్మం బయటే విప్పాలి. గంట మోగితే ఎడమకాలు ఎత్తాలి, డోరీన్ కుంచె పైకెత్తి దించేదాకా ఎత్తి ఉంచాలి, ఆ తరువాత మెల్లగా దించాలి. కాలు పాతదే, చప్పుడు మాత్రం ఉండదు. ఒప్పుకున్నాం గాని, మొదటి వారం అది ఉప్పు వేయని కూరలా ఉంది. గంట మోగేది, కొంగల్లా నిలబడేవాళ్ళం, ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. హేలీ మాత్రం మరునాడు కొట్లో, మార్నీ తెల్లారేదాకా లేవలేదని చెప్పింది. ఆ పిల్ల కళ్ళకింద గుంటలు కూడా తగ్గాయి. నేను సంతోషించాను. కొంచెం బాధ కూడా పడ్డాను, అబద్ధమెందుకు.

క్రిస్మస్‌కి ముందు చివరి గురువారం పక్క ఊరు మిల్‌ఎండ్ వాళ్ళతో పోటీ. గదిని ఉంచాలో తీసెయ్యాలో ఆ సాయంత్రం చూసి చెబుతానని గ్లెనిస్ అంది. మిల్‌ఎండ్ వాళ్ళు వస్తూనే గుమ్మం దగ్గర వరసగా పేర్చిన మా బూట్లు చూశారు.

"ఏవిట్రా ఇది, గుడికొచ్చామా, ఆస్పత్రికొచ్చామా?" అన్నాడు వాళ్ళ కెప్టెన్.

"పసిపిల్ల పడుకుంది. నోరు కూడా విప్పి బయట పెట్టు," అంది డోరీన్.

వాడి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. దాంతో సగం పొగరు దిగిపోయింది. అయినా వాళ్ళు బాగా ఆడారు. మేం గంట కొట్టి కాలెత్తినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకున్నారు. చివరి మనిషిని నేను, చివరి గుండు నాది. అప్పటికే లెక్క తేలిపోయింది. నేను గంట కొట్టినా ఒక్క పాయింటుతో ఓడిపోతాం. అయితేనేం, ముందు నాలుగూ గంట కొట్టాను. ఐదోది కూడా కొడితే అయిదుకి అయిదు. అది నా జన్మలో జరగలేదు.

తుపాకీ ఎత్తాను. వేలు కదిపాను. తుపాకీ నిట్టూర్చినట్టు చిన్న గాలి వదిలింది.

టింగ్.

నా వెనక జట్టంతా ఎడమకాలు ఎత్తింది. నేనూ ఎత్తాను. డోరీన్ కుంచె పైకి లేచింది. గదిలో ఒక్క చప్పుడు లేదు. జీవితమంతా ఎదురుచూసిన గంట, దానికి ఒక్క తొక్కు కూడా లేదు. అరవై దాటినవాడు దీనికి ఏడవకూడదని పళ్ళు బిగించాను.

ధభ్.

మెత్తగా, ఒకే ఒక్కసారి. గోడకి అవతలనుంచి.

మెర్విన్ ఒంటికాలిమీద ఊగుతూ నా భుజం పట్టుకున్నాడు. మిల్‌ఎండ్ కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. గుమ్మంలో గ్లెనిస్ ట్రేతో అలాగే నిలబడిపోయింది. "ఈ పిచ్చిపిల్ల చంటిదాన్ని లేపేస్తుందిరా!" అన్నాడు మెర్విన్ గుసగుసగా.

డోరీన్ కుంచె దించలేదు. ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఉంచి, ఓడిన మేమూ, గెలిచిన వాళ్ళూ, అందరం ఆ గోడవైపు చెవులు పెట్టి పాప ఏడుపు కోసం విన్నాం. ఏడుపు రాలేదు.

"సరే, కాళ్ళు దించండి," అంది గ్లెనిస్. "గది మీదే. ఫ్యాగట్లు చల్లారిపోతున్నాయి."